చీపురు ఎవరి చేతిలోది?

కొన్నేళ్ళ కిందట మార్చి 8 సందర్భంగా, నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో ఒక ప్రదర్శన పెట్టాం. సెమినార్ హాలు ముందున్న వరండాలో పైకప్పుకి దారాలు కట్టి చేట, రోకలి, జల్లెడ, అట్లకాడ, చీపురు వేలాడదీశాం. ఒక్కోదాని కింద అట్టముక్క మీద ఒక్కో వాక్యం. ఆలోచన నాదే. చీపురు కింద ఏం రాయాలో చెప్పింది కూడా నేనే. సాయంత్రం సభ ముగిసి అందరం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే, మా బ్లాకు ఊడ్చే ఆవిడ వచ్చి ఓ పక్కగా నిలబడింది. ఏమిటన్నట్టు చూశాను.

"మేడమ్, మా చీపురు ఇప్పిస్తరా? పొద్దుగాల ఆరింటికి ఊడ్వాలె. ఇంకోటి ఇయ్యమంటే కాంట్రాక్టరు ఇస్తలేడు" అంది.

విద్యార్థులెవరో మెట్ల కింద కనిపించిన చీపురు పట్టుకొచ్చి కట్టేశారన్నమాట. అది ఎవరో ఒకరిదై ఉంటుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. స్త్రీల శ్రమ కంటికి కనిపించకుండా పోవడం గురించి ఆ రోజంతా నాలుగు పత్రాలు చదివించుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఉదయమే వాళ్ళు నలుగురు ఒక కాగితం పట్టుకుని మా గదికి వచ్చారు. మూడు నెలలుగా జీతాలు రాలేదు. పాఠాలు చెప్పేవాళ్ళు కూడా సంతకాలు పెడితే పైవాళ్ళు వింటారని ఎవరో చెప్పారట. "ఇవాళ సభ హడావుడిలో ఉన్నాను, రేపు చూద్దాం" అన్నాను. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. దాన్ని పొడిగించే ఫైలు ఆ నెలలోనే కదలాలి. ఈ మాట మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

ఇదంతా చెప్పుకుని పశ్చాత్తాపపడటానికి ఈ వ్యాసం రాయడం లేదు. సాహిత్య విమర్శ చేసేవాళ్ళకి బాగా అలవాటైన ఒక మాటని, 'ప్రతీక' అనే మాటని, ఆ చీపురు నాకు అనుమానాస్పదం చేసింది. ఆ అనుమానాన్ని మీ ముందు పెట్టాలని ఈ ప్రయత్నం.

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం మీద. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైన కదలిక జిల్లా అంతా పాకింది. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి బడుల్లో చదివిన వాచకం, అందులోని 'సీతమ్మ కథ' అనే పాఠం వాళ్ళని మాట్లాడుకునేలా చేశాయన్నది అందరికీ తెలిసిన విషయమే. చేతిలో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ గురించి ఆ రోజుల్లో పత్రికలు బాగా రాశాయి. నేనూ వాటినే ఆధారం చేసుకుని, గృహశ్రమకి చిహ్నమైన చీపురు ధిక్కారానికి ప్రతీకగా ఎలా మారిందో ఇరవై పేజీలు రాశాను. నా పర్యవేక్షకుడికి అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం అదే.

ఆ అధ్యాయం రాసేముందు నెల్లూరు జిల్లాలో కొన్ని ఊళ్ళు తిరిగాను. ఒక ఊళ్ళో ఉద్యమంలో పాల్గొన్న పెద్దామె ఒకరిని, చీపుర్లే ఎందుకు పట్టుకున్నారని అడిగాను. నేను ఎలాంటి జవాబు కోసం కాచుకున్నానో నాకు తెలుసు. ఆమె నావైపు వింతగా చూసి, "ఏందమ్మా, ఎందుకు పట్టుకోడమేంది? తెల్లార్తో బండి వచ్చిందన్నారు. ఊడుస్తా ఉన్నిం. అట్నే పోయినాం" అంది. కాసేపాగి, "అయిపోయినాక వచ్చి మిగతా వాకిలి ఊడ్చుకున్నాం" అని కూడా అంది. ఈ రెండో వాక్యాన్ని నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను గానీ అధ్యాయంలోకి తీసుకోలేదు. నా వాదనలో దానికి చోటు దొరకలేదు.

ఉద్యమాల గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు రకాలుగా మాట్లాడుతుంటాం. సాహిత్యం వైపు నుంచి వచ్చినవాళ్ళం 'ప్రతీకాత్మకం' అన్న మాటని మెచ్చుకోలుగా వాడతాం. క్షేత్రంలో పని చేసేవాళ్ళు, ముఖ్యంగా స్వచ్ఛంద సంస్థల మిత్రులు, అదే మాటని ఎత్తిపొడుపుగా వాడతారు. కొవ్వొత్తులు పట్టుకుని నడిస్తే ఏమొస్తుంది, నాలుగు ఊళ్ళల్లో బోర్లు వేయించండి అంటారు. వాళ్ళతో చాలాసార్లు గొడవపడ్డాను. ఇప్పుడు చూస్తే ఇద్దరం ఒకే పొరపాటు చేస్తున్నామనిపిస్తోంది. ఇద్దరం వస్తువునే చూస్తున్నాం, దాన్ని పట్టుకున్న చెయ్యిని చూడటం లేదు. ఆ చెయ్యి అంతకుముందు ఏం చేసేది, ఈ పని వల్ల ఏం పోగొట్టుకునే ప్రమాదంలో పడింది, మర్నాడు ఏం చెయ్యబోతోంది అన్న ప్రశ్నలు మన ఇద్దరి చర్చలోకీ రావు.

ఈ ప్రశ్నలు వేసుకోగానే నాకు 1990 నాటి చీపురు గుర్తొచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ కమిషన్ సిఫారసుల ప్రకారం వెనకబడిన కులాలకి కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం రిజర్వేషన్లు ప్రకటించింది. దాన్ని వ్యతిరేకిస్తూ అగ్రవర్ణ విద్యార్థులు రోడ్ల మీదికొచ్చి చీపుర్లు పట్టుకుని వీధులూడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. మా చదువులకి ఇక ఈ పనులే గతి అని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. అందులో అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆ నిరసనలో వాళ్ళు 'స్త్రీలు'గా కనబడుతూనే కులం పేరు ఎత్తకుండా కులం తరఫున ఎలా మాట్లాడారో సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో విశ్లేషించారు. అదే వ్యాసంలో సారా ఉద్యమం గురించి కూడా రాశారు. ఆ రెండు భాగాల్నీ నేను ఎన్నోసార్లు చదివాను. కానీ రెండిట్లోనూ ఉన్న చీపుర్లని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

పెట్టి చూస్తే తేడా చాలా స్పష్టంగా ఉంది. 1990లో విద్యార్థి చేతిలో చీపురికి అర్థం రావాలంటే అది అతని చేతిలో ఉండకూడని వస్తువు అని చూసేవాళ్ళందరూ ముందే ఒప్పుకోవాలి. ఉండాల్సిన చెయ్యి వేరే ఉందని కూడా ఒప్పుకోవాలి. రోజూ తెల్లవారుజామున అదే వీధి ఊడ్చే మనిషిని అవమానిస్తే తప్ప ఆ ప్రతీక పనిచెయ్యదు. గంట తర్వాత చీపురు పక్కన పడేసి విద్యార్థులు వెళ్ళిపోతారు. ఆ చెత్తని కూడా మళ్ళీ ఆవిడే ఎత్తాలి.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ప్రారంభమైనప్పుడు కూడా దేశమంతా మంత్రులు, సినిమా నటులు, క్రీడాకారులు చీపుర్లతో ఫొటోలు దిగారు. ఇందులో అవమానించాలన్న ఉద్దేశం లేదు, గౌరవించాలన్న ఉద్దేశమే ఉందంటారు. నిజమే కావచ్చు. అయినా ఆ చీపురు కూడా తన చేతిది కాకపోవడం వల్లనే వార్త అయింది. మా వరండాలో వేలాడిన చీపురు ఈ రెండిటికీ చుట్టమే తప్ప నెల్లూరు చీపురికి కాదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నెల్లూరులో ఆడవాళ్ళు చేసిన పనులు చూడండి. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేరవేసే ఏర్పాటు చేసింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేవి. ఆడవాళ్ళు ఆ సరుకు ఊళ్ళోకి వచ్చే దారి మీద నిలబడ్డారు. ప్యాకెట్లు పారబోశారు. దుకాణాలు మూయించారు. పై ఏడాదికి దుకాణాలు వేలం వేస్తుంటే పట్నం వెళ్ళి వేలాన్ని అడ్డుకున్నారు. సారా ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు పాడుకుంటారో, ఎవరికి లాభమో వాళ్ళకి తెలుసు. ఎక్కడ పట్టుకుంటే ఆగుతుందో అక్కడ పట్టుకున్నారు. ఇది ప్రతీకాత్మక నిరసనా, ఆచరణాత్మక కార్యాచరణా అని అడిగితే ఆ పెద్దామె నవ్వుతుంది. పారబోసిన ప్యాకెట్టు నిజంగా పారబోసిన ప్యాకెట్టే. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మొగుడి చేతిలో తిన్న దెబ్బలూ నిజమైనవే. చూసేవాళ్ళకి అది గుర్తుగా మిగిలిందంటే, ముందు అది పని కాబట్టి.

మన కవిత్వంలోనూ ఈ తేడా ఉంది. స్త్రీవాద కవిత్వం తొలి రోజుల్లో జయప్రభ 'పైటని తగలెయ్యాలి' కవిత ఎంత దుమారం లేపిందో ఇక్కడ మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ దుమారమే ఆ కవిత అవసరాన్ని నిరూపించింది. నేను చదువుకునే రోజుల్లో ఆ కవిత నాకిచ్చిన ధైర్యం తక్కువది కాదు. తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత చదివాను. అక్కడ కొంగు గుండె మీద కాపలా కాసే గుడ్డ కాదు, పని చేసే ఆడమనిషికి తోడుండే పనిముట్టు. ఒకే చీర అంచు. ఒకరికి సంకెల, ఒకరికి మూడో చెయ్యి. ఈ రెండు కవితల్నీ మనం సాధారణంగా స్త్రీవాదానికీ దళిత స్త్రీవాదానికీ మధ్య వాదోపవాదంగా పాఠం చెబుతాం. నేనూ అలాగే చెప్పాను. ఇప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తోంది. ఒక వస్తువుని తగలబెట్టమనాలంటే అది లేకుండా మర్నాడు గడిచే బతుకుండాలి. ఆ బతుకు ఎవరికుంది అన్నది కవిత బయటి ప్రశ్న కాదు, కవిత అర్థంలో భాగమే.

ప్రతీకని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు దగ్గరికి నడిచి దోసెడు నీళ్ళు తాగారు. బొంబాయి శాసనమండలి తీర్మానం 1923లోనే అయిపోయింది. కాగితం మీద ఆ చెరువు అందరిదీ. అయినా అస్పృశ్యులు తాగలేకపోయారు. తాగడం వల్ల ఆ రోజు తీరిన దాహం ఎంత అని లెక్క కడితే ఏమీ లేదు. తిరిగి వెళ్తున్నవాళ్ళ మీద దాడులు జరిగాయి. కేసు కోర్టులో నలిగి 1937లో గానీ బొంబాయి హైకోర్టు తీర్పు రాలేదు. ఆ దోసెడు నీళ్ళు ప్రతీకే. అయితే దాన్ని ఎత్తిన చేతులు ఆ చెరువులో దిగకూడదని నిషేధించబడ్డ చేతులు. వేరే ఎవరు తాగినా అది ఉత్త మంచినీళ్ళు తాగడమే.

ఇక 'ఫలితం' గురించి మాట్లాడే మిత్రులకి ఒక మాట. ఫలితమే కొలబద్ద అయితే నెల్లూరుని ఏ ఖాతాలో రాస్తారు? 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు. సారా పోయింది, దాని చోట చీప్ లిక్కర్ వచ్చింది. ఉద్యమంలోంచి పుట్టిన ఐక్యత పొదుపు సంఘాల్లోకి మళ్ళింది. అందులో చాలామందికి మొదటిసారి తన పేరు మీద పుస్తకం, చేతిలో నాలుగు రూపాయలు వచ్చిన మాట నిజం. కానీ వేలం ఎందుకు వేస్తున్నారని ప్రభుత్వాన్ని నిలదీసిన గుంపు, కొంతకాలానికి కిస్తీ ఎవరు కట్టలేదని తమలో తాము ఆరా తీసే గుంపుగా మారింది. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల వేధింపుల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సినంత దూరం వెళ్ళింది అప్పుల కథ. 'ఆచరణాత్మకం' అన్న మాట కూడా అంత అమాయకమైనదేమీ కాదు. ఆడవాళ్ళ కోపాన్ని పథకంగా మార్చడం ప్రభుత్వాలకి బాగా వచ్చు.

ఈ మాటలన్నీ రాస్తున్నప్పుడు చీపురు పక్కనే ఉండే ఇంకో వస్తువు గుర్తొస్తూనే ఉంది. బుట్ట. పొడి మరుగుదొడ్లలోని మలాన్ని ఎత్తి మోసే బుట్ట. ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, దాదాపు అందరూ దళితులే. 1993లో చట్టం దాన్ని నిషేధించింది. నిషేధించాక కూడా అది కొనసాగింది. బెజవాడ విల్సన్ తదితరులు 1990ల్లో మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి మరుగుదొడ్లని లెక్కబెట్టింది, ఫొటోలు తీసింది, పడగొట్టించింది. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. ఈ మధ్యలో 2010 నాటి యాత్రలో, ఉత్తరాదిన అనేకచోట్ల ఆడవాళ్ళు తమ బుట్టల్ని నలుగురి ముందూ పోగేసి తగలబెట్టారు.

పైటని తగలెయ్యడం దగ్గర నేను అడిగిన ప్రశ్న ఇక్కడ వెయ్యి చూడండి. బుట్ట కాలిపోతే మర్నాడు గడవాలి. అది కూలి తెచ్చే బుట్ట. కాల్చిన మనిషికి ఆ ఇంటి నుంచి వచ్చే రొట్టె, నెలాఖరుకి వచ్చే కొద్ది డబ్బులూ ఆగిపోతాయి. అది తెలిసే కాల్చింది. కాబట్టి ఆ మంట దగ్గరే పునరావాసం అన్న మాట పుట్టి తీరాలి. 2013 చట్టం తర్వాత ఒక్కసారి ఇచ్చే సాయం నలభై వేల రూపాయలన్నారు. మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 2014 తీర్పు పది లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరు తీర్పు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఈ అంకెలన్నీ కోర్టుల్లో, కాగితాల్లో, ఏళ్ళ తరబడి చేసిన విసుగు పుట్టించే పనిలోంచి వచ్చాయి. ఆ పని లేకపోతే బుట్ట కాల్చినామె ఒంటరిదైపోతుంది. బుట్ట కాల్చడం లేకపోతే ఆ కాగితాలకి వెనక నిలబడే మనిషి ఉండదు. ఈ రెండిట్లో ఏది గొప్ప అని సెమినార్లలో మనం వాదించుకోవచ్చు. బుట్ట మోసినామెకి ఆ వాదన అవసరం లేదు.

మా వరండా సంగతి పూర్తిచెయ్యాలి. ఆ సాయంత్రం దారం కత్తిరించి చీపురు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని దులిపి తీసుకుని, మేం చల్లిన పూలరేకులు, కాగితం ముక్కలు అక్కడికక్కడే ఊడ్చేసి వెళ్ళిపోయింది. జీతాల కాగితం మీద సంతకం పెట్టాను గానీ వారం రోజుల తర్వాత. అప్పటికి ముగ్గురు పర్మనెంటు ప్రొఫెసర్ల సంతకాలు పడ్డాయి, నాది నాలుగోది. వాళ్ళకి ఒక నెల జీతం వచ్చింది. మిగతా రెండు నెలలది దశలవారీగా ఇస్తామన్నారు. నా కాంట్రాక్టు పొడిగించారు. మొదటి సంతకం నాదే అయ్యుంటే పొడిగించేవాళ్ళా లేదా అన్నది నాకు తెలియదు. తెలుసుకునే అవకాశాన్ని నేనే జాగ్రత్తగా తప్పించుకున్నాను.

ఇప్పుడు నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా సరిచేస్తున్నాను. నెల్లూరు అధ్యాయంలో పెద్దామె చెప్పిన రెండో వాక్యాన్ని చేర్చాను. అది చేరగానే ఆ ఇరవై పేజీల్లో పన్నెండు నిలబడలేదు, తీసేశాను. మిగిలినదాంట్లో వేలం గురించి, సరుకు బండ్ల గురించి, వాకిలి ఊడ్చే వేళ గురించి ఉంది. ముఖచిత్రం మీద పెద్ద చీపురు బొమ్మ వేద్దామని ప్రచురణకర్త అంటున్నారు. బాగుంటుందనే నాకూ తెలుసు. ఇంకా జవాబు చెప్పలేదు.

మార్చి ఏటా వస్తుంది. మనలో చాలామందిమి బ్యానర్లు రాయిస్తాం, వస్తువులు సేకరిస్తాం, దండలు కడతాం. అవన్నీ మానేద్దామని నేననను. అయితే కట్టేముందు, ఇది ఎవరిది, రేపు పొద్దున్నే ఎవరికి కావాలి అని మెట్ల కింద ఒకసారి వాకబు చేద్దాం. అక్కడ మనకోసం ఒక కాగితం కూడా ఉండొచ్చు, సంతకం కోసం.